ఎలుకని అడిగిన ప్రశ్న

చెంగ్‌డూ టీ దుకాణాల్లో నాకు 'ఎలుకల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది తాన్ గురువుగారే. పొద్దున్న ఆయన నోట్లోంచి ఊడిపడిన మాట సాయంత్రానికల్లా మా వైద్య కళాశాల గేటు దగ్గర నూడుల్స్ అమ్మే ఆవిడకి కూడా చేరిపోయింది. "ఏమ్మా డాక్టరమ్మా, మీ రోగులకి కూడా రెండు గిన్నెలు పార్సిల్ కట్టనా?" అని అడిగింది. కారం ఇంకాస్త దట్టించమని చెప్పి, నా కోపమంతా ఆ గిన్నె మీద తీర్చుకుని వచ్చేశాను.

కోపం నాకు పుట్టుకతో వచ్చింది. దాచుకోవడం చేతకాదు, దాచుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఎదుటి మనిషి తాన్ గురువుగారైతే ఎంత కోపమైనా మింగాల్సిందే. ఎనభై దాటిన ఆయన నాడి పట్టుకుంటే నగరంలో సగంమంది తమ రోగం సగం తగ్గిపోయిందనుకునేవారు. మిగతా సగంమంది ఆయన వరుసలో తమ వంతు కోసం కూర్చుని ఉండేవారు.

అవి ఎనభైల తొలి సంవత్సరాలు. కళాశాల వెనక, మూలికల గోదాం పక్కన ఉన్న రెండు గదులు మావి. మావి అంటే నావి, పాన్ మైయున్‌వి, ఎలుకలవి. మైయున్ నా సహోద్యోగి. ఎలుకకి నొప్పి తెలిసేలోపు ఇంజెక్షన్ పూర్తి చేసే చెయ్యి ఆమెది. మేం చేస్తున్నది చెప్పడానికి సులువైన పనే. మా పాత వైద్యంలో యాంగ్ లోపం అని ఒక రోగం ఉంది. ఒంట్లో నిప్పు మందగిస్తుంది. మనిషికి ఎప్పుడూ చలి, నీరసం, నడుము పట్టు ఉండదు, జుట్టు కళ తప్పుతుంది. అదే రోగాన్ని ఎలుకలో పుట్టించగలిగితే, ఆ ఎలుక మీద మా మందులు పరీక్షించవచ్చు. 'మీ మందులన్నీ ఉత్త నమ్మకం' అనే పెద్దమనుషుల ముందు ఆ ఎలుకని పెట్టవచ్చు. నాకు ఆ రోజు చూడాలని ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను.

రోగాన్ని పుట్టించేది హార్మోన్. కార్టిసోన్ జాతి హార్మోన్‌ని రోజూ బయటినుంచి దండిగా ఎక్కిస్తుంటే, ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథి నాకేం పని అని పడుకుంటుంది. కొన్నాళ్లకి ఎలుక బరువు తగ్గుతుంది, బొచ్చు రేగిపోతుంది, కదలడం మానేసి ముడుచుకుని కూర్చుంటుంది. ఆ వేసవిలో మా గదికి వచ్చి చూసిన ప్రతివాళ్లూ ఔనన్నారు. ఉక్కపోతకి మామూలు ఎలుకలన్నీ కాళ్లు చాపుకుని పడుంటే, హార్మోన్ ఎలుకలు మాత్రం ఒకదాన్నొకటి హత్తుకుని ముద్దగా కూర్చునేవి. వాటికి వసనాభి గడ్డ కషాయం పట్టిస్తే మళ్లీ లేచి తిరిగేవి. మా ప్రాంతంలో వసనాభి విషమని భయపడేవాళ్లు లేరు. రుచి చూస్తే నాలుక తిమ్మిరెక్కకుండా ఉండేదాకా కాచి, మాంసంలో వేసుకుని కూడా తింటాం.

ఒకటే అడ్డం. యాంగ్ లోపం అనే పేరు వాడాలంటే వైద్య పెద్దల సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘానికి పెద్ద తాన్ గురువుగారు. ఆయన తల ఊపకపోతే మా గదులు మూలికలు ఆరబెట్టుకోవడానికి ఇచ్చేస్తానని డైరెక్టర్ హౌ ముందే చెప్పేశాడు. సమావేశం ఇదిగో అదిగో అంటూ జరిగి జరిగి నడి చలికాలంలో తేలింది.

ఆ రోజు గురువుగారు కణికల బుట్ట పట్టుకుని వచ్చారు. వెదురు బుట్టలో మట్టి మూకుడు, అందులో నిప్పులు. దాన్ని నిలువు కోటు కింద పొట్టకి ఆనించుకుని బోనుల ముందు వంగారు.

"ఏవమ్మా నీ రోగులు?"

"ఎడమ పక్కవి, గురువుగారూ."

"కుడి పక్కవి?"

"అవి మామూలువి. వాటికేం ఇవ్వలేదు."

"మరి అవీ ముద్దగానే కూర్చున్నాయేం?"

చూశాను. నిజమే. ఎడమ పక్క ముద్దలు, కుడి పక్క ముద్దలు. బీజింగ్ లాంటి ఉత్తరాది ఊళ్లలో గదులకి వేడి గొట్టాలుంటాయి. మా దక్షిణాది వాళ్లకి అవి లేవు, గదిలోనూ వీధిలోనూ ఒకటే చలి. చలికాలంలో మా ఊళ్లో ముడుచుకోని ప్రాణి ఉండదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ముడుచుకుంటూ పెరిగిన నాకు ఆ సంగతి తట్టలేదు. వేసవిలో చూసిందే చూపిద్దామని బయల్దేరాను.

గురువుగారు మెల్లగా అందరినీ ఒకసారి కలియజూశారు. "డైరెక్టర్ గారు చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకున్నారు. నేనూ ముడుచుకునే ఉన్నాను. గేటు దగ్గర కుక్క కూడా ముడుచుకునే పడుంది, ఇందాకే చూసొచ్చా. మా ముగ్గురికీ ఇంజెక్షన్ ఎప్పుడిచ్చావమ్మాయ్?"

గది గదంతా ఘొల్లుమంది. మైయున్ కూడా నవ్వింది. ఆ నవ్వుని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

నవ్వులు ఆగాక ఆయన నన్ను పక్కకి పిలిచారు. ఇప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు. "రోగి వచ్చి కూర్చోగానే నేనడిగే మొదటి మాటేంటి?"

"చలా, వేడా అని."

"నీ ఎలుకనడిగావా?"

"ఎలుక మాట్లాడదు కదా గురువుగారూ."

"అడగకుండా రోగానికి పేరు పెట్టకూడదు. అది మా తాతల నాటి మాట. నీ కోసం మార్చను."

ఆయన వెళ్లిపోయారు. డైరెక్టర్ హౌ గొంతు సవరించుకున్నాడు. "కామ్రేడ్ ఫాంగ్ లాన్, వసంత పండగలోపు గదులు ఖాళీ చెయ్యండి." నేను కిటికీ రెక్క ధడాల్న వేశాను. అద్దం పగల్లేదు, అది వేరే సంగతి.

అయనం మారే రోజున మా ఊళ్లో ఇంటింటా మేకమాంసం పులుసు ఉడుకుతుంది. మా ఇంట్లోనూ ఉడికింది. మా ఆయన లువో బయటినుంచి వచ్చి, వాళ్లమ్మ ఒళ్లో ఉన్న కణికల బుట్ట మీద చేతులు కాచుకుని, వేళ్లు కదలగానే ఒక్క గెంతులో బల్ల దగ్గరికొచ్చి గిన్నె ముందేసుకున్నాడు. మా అత్తగారు కదల్లేదు.

"అమ్మా, చల్లారిపోతోంది, రా!" అని పిలిచాడు.

"ఇక్కడికే పట్రా."

"ఎంత దూరమని? నాలుగడుగులు."

"నాలుగడుగులు నీకు. నాకు బీజింగంత దూరం."

"చలేస్తోందా అత్తయ్యా?" అన్నాను నేను.

"చలా? ఏం చలి? నాకేం చలిలేదు, నువ్వు తిను."

ఏడాదంతా ఈ పులుసు కోసం ఎదురుచూసే మనిషి ఆవిడ. చలి లేదంటోంది. కానీ ఆ బుట్ట వదిలి పులుసు దాకా రావడం లేదు. లువోకి చలి వేసింది, కాచుకున్నాడు, తీరిపోయింది. ఆవిడకి నిప్పు ముందున్నంతసేపే సుఖం, లేస్తే మళ్లీ చలి. అది పుస్తకంలో ఉన్న మాటే. ఎన్ని దుప్పట్లు కప్పినా తగ్గనిది జ్వరం చలి. వెచ్చదనం దగ్గర తగ్గి, అది వదలగానే పట్టుకునేది యాంగ్ లోపం చలి. మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం, నేనే పదేళ్లు చెప్పాను.

చెంచా గిన్నెలో పడేసి లేచాను.

"ఎక్కడికే?" అన్నాడు లువో.

"ఎలుకల్ని అడగడానికి."

"మీ గురువుగారికి కోపం వస్తే నీకు మతి పోయిందేంటే?" అంటూనే నా గిన్నె కూడా తన వైపు లాక్కున్నాడు.

పొడుగాటి చెక్క పెట్టె ఒకటి సంపాదించాం. ఒక కొస కింద సెలైన్ సీసాలు పెట్టాం. ఖాళీ సీసాల్లో వేడినీళ్లు నింపి పక్కలో పెట్టుకోవడం మా ఊరి ఆస్పత్రిలో అందరూ చేసే పనే. రెండో కొస చల్లటి రాతి బండ మీద. అక్కడ వేరుశెనగపప్పులు. ముందురోజు ఎలుకలకి మేత పెట్టలేదు. మొదటిసారి సీసాలు మరీ వేడెక్కి ఎలుకలన్నీ గోడలెక్కాయి. రెండోసారి సీసాలు చప్పున చల్లారి, పెట్టెంతా ఒకే చలి అయిపోయింది. మైయున్ సీసాలకి పాత తువ్వాళ్లు చుట్టింది. మూడోసారి పెట్టె సరిగ్గా కుదిరింది.

మామూలు ఎలుక వెచ్చటి కొసకి వెళ్లింది, కూర్చుంది, కాసేపటికి ఒళ్లు దులుపుకుని పప్పుల మీద పడింది. మళ్లీ వచ్చి కాచుకుంది, మళ్లీ వెళ్లింది. అచ్చం లువో. హార్మోన్ ఎలుక వెచ్చటి కొసకి చేరి ఒళ్లు విప్పుకుని కూర్చుంది. పప్పుల వైపు మూతి ఎగరేసి వాసన చూసింది. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చింది. అంతే, ఇక లేవలేదు. కషాయం తాగిన హార్మోన్ ఎలుక కొంచెం తటపటాయించి, లేచి వెళ్లి పప్పు నోట కరుచుకుంది. నేనూ మైయున్ చేతులు పట్టుకుని ఆ గదిలో గెంతాం. ఆ క్షణంలో ఆమె నవ్వు సంగతి మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చింది.

గురువుగారిని టీ దుకాణంలో పట్టుకున్నాను. ఆయన వెదురు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు, చెవులు శుభ్రం చేసేవాడు ఆయన చెవిలో సన్నటి పుల్ల దూర్చి ఉన్నాడు. తల కదపడానికి లేదు, లేచిపోవడానికి అసలే లేదు. నాకు అంతకంటే మంచి అదును దొరకదు.

"అడిగాను గురువుగారూ."

"ఎవర్నే?"

"ఎలుకని."

"ఏమందేం?"

"మీరొచ్చి వినండి."

చెవివాడు కిసుక్కుమన్నాడు. "ఒరేయ్, పుల్ల లోపలుంది, నవ్వకు!" అని గురువుగారు కసిరి, కళ్లు మాత్రం నా వైపు తిప్పారు. నేను పెట్టె గురించి చెప్పాను. విన్నారు. చెవివాడు పుల్ల తీశాక లేచి నిటారుగా కూర్చున్నారు.

"వస్తాను. కానీ నా పద్ధతిలో వస్తాను. ఆరు ఎలుకల్ని నాకియ్యి. ఏది దేనికో నేను చెప్తాను. రెంటిని ముట్టుకోం. నాలుగింటికి మైయున్ ఇంజెక్షన్లిస్తుంది. అందులో రెంటికి నా ఇంట్లో నేను కాచిన కషాయం, నా చేత్తో పట్టిస్తాను. నువ్వు ఆ గది వైపు రాకూడదు. పరీక్ష రోజు నీ పెట్టెలో చూసి, ఏది ఏదో నువ్వు చెప్పు. ఒక్కటి తప్పినా పేరు లేదు, గదులూ లేవు."

"ఒక్కటి తప్పినా?"

"రోగి విషయంలో ఒక్కటి తప్పితే ఏమవుతుందో నీకు తెలీదా?"

"సరే," అన్నాను.

ఆ రోజులన్నీ మైయున్ నన్ను చూస్తే మెట్ల కింద దాక్కునేది. నాతో మాట్లాడొద్దని గురువుగారి ఆజ్ఞ. నోరు విప్పకుండా ఉండటం ఆమెకి ఎంత కష్టమో నాకు తెలుసు. మధ్యాహ్నం భోజనాల దగ్గర దూరంనుంచే మొహం చిట్లించి, నేనేమీ చెప్పను అని సైగ చేసేది.

పరీక్ష రోజు వైద్య పెద్దలంతా వచ్చారు. డైరెక్టర్ హౌ వచ్చాడు. నూడుల్స్ ఆవిడ కొట్టు ఎవరికో అప్పగించి కిటికీకి మొహం ఆనించి నిలబడింది. ఎలుకల ఒంటి మీద పసుపు రంగు గుర్తులున్నాయి, ఒకదానికి తల మీద, ఒకదానికి వీపు మీద, అలా. ఏ గుర్తు దేనిదో గురువుగారు కాగితం మీద పెట్టలేదు. "నా రోగుల్ని నేను కాగితం చూసి గుర్తుపట్టను," అన్నారు.

ఒక్కో ఎలుకనే వదిలాం. తల మీద గుర్తున్నది కాచుకుని పప్పుల మీదికి ఉరికింది. "మామూలుది," అన్నాను. గురువుగారు కనురెప్ప కూడా ఆడించలేదు. వీపు గుర్తుది కదల్లేదు. "హార్మోన్ పడింది, మందు పడలేదు," అన్నాను. మూడోది మామూలుది. నాలుగోది తటపటాయించి వెళ్లింది, హార్మోన్, మందు రెండూ అన్నాను. అయిదోది మళ్లీ కదల్లేదు, మందు పడలేదన్నాను. ఆయన మొహంలో ఔనూ లేదు, కాదూ లేదు. నా వీపు మీద చెమట కారుతోంది, ఆ చలిలో.

మిగిలింది తోక గుర్తుది. లెక్క ప్రకారం అది హార్మోన్, మందు రెండూ పడ్డది కావాలి. లేచి పప్పుల దగ్గరికి వెళ్లాలి. అది వెచ్చటి కొసన కూర్చుంది. మేమంతా ఎదురుచూశాం. అది వాసన చూసింది, రెండడుగులు వేసింది, వెనక్కి వెళ్లి ఒదిగింది. సీసాల్లో నీళ్లు చల్లారుతాయేమోనని మైయున్ తువ్వాలు సర్దింది. ఎలుక ఆ తువ్వాలుకేసి ఇంకాస్త జరిగింది.

లెక్క చూసి చెప్పాలా, కళ్ల ముందున్నది చెప్పాలా? లెక్క చెప్పేస్తే గదులు నిలుస్తాయి. ఒక్క మాట చాలు. కానీ అది చెప్తే నేను ఎలుకని అడిగినట్టు కాదు, గురువుగారి మనసులో ఏముందో ఊహించినట్టు.

"దీనికి చలి తగ్గలేదు," అన్నాను. "మందు అందలేదు."

"అందింది," అన్నారు గురువుగారు.

"నా పొయ్యి మీద కాచిన కషాయం. నా చేత్తో పట్టించాను. రోజూ." ఆయన గొంతు పెరగలేదు. "ఇంకోసారి చూసి చెప్పు."

డైరెక్టర్ హౌ నాకు కళ్లతో సైగ చేస్తున్నాడు, ఒప్పేసుకో, ఒప్పేసుకో అని. వైద్య పెద్దల్లో ఒకాయన దగ్గాడు. నాకు పుట్టుకతో వచ్చిన కోపం ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు. భయం కూడా పోయింది. గొంతు చాలా మామూలుగా వచ్చింది.

"మందు తాగిందేమో గురువుగారూ. మీరు తాగించానన్నాక తాగే ఉంటుంది. నేను దాన్నడిగింది మీరేం ఇచ్చారని కాదు. చలేస్తోందా అని. వేస్తోందంటోంది."

"అంటే నా మందు పని చెయ్యలేదంటావా?"

"నేననట్లేదు. అదంటోంది."

కిటికీ బయట నూడుల్స్ ఆవిడ "అమ్మో!" అంది. ఆయన మందు పని చెయ్యలేదని ఆయన ముందు అన్న మనిషి మా ఊళ్లో లేడు.

గురువుగారు కణికల బుట్ట పక్కన పెట్టి, పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఇద్దరు పట్టుకోబోతే విదిలించుకున్నారు. ఎలుకని మెల్లగా ఎత్తి పప్పుల దగ్గర దింపారు. అది ఒక్క పప్పు వాసన చూసి, వణుక్కుంటూ వెచ్చటి కొసకి వచ్చేసింది. మళ్లీ ఎత్తి దింపారు. మళ్లీ వచ్చేసింది. మూడోసారి ఎత్తి, దింపలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వేలి కొసతో దాని చెవులు, పాదాలు తాకి చూశారు. నాడి చూసేటప్పుడు ఆయన కళ్లు ఎలా సగం మూతపడతాయో, అలాగే మూతపడ్డాయి.

"అరవై ఏళ్ల నుంచి చేస్తున్నాను వైద్యం," అన్నారు చివరికి. ఎవరితో అంటున్నారో తెలియలేదు. "మందు పని చెయ్యనివాడు మళ్లీ నా దగ్గరికి రాడు. మర్యాదకి నాతో చెప్పడు, ఇంకో వైద్యుడి దగ్గరికి పోతాడు. తగ్గినవాళ్లే వస్తారు, దణ్ణాలు పెడతారు. నీ మందు చాల్లేదు ముసలాడా అని నా మొహమ్మీద చెప్పింది ఇదొక్కటే."

తర్వాత నా వైపు తల తిప్పారు. "మోతాదు చాల్లేదమ్మాయ్. మందు తాగిన రెండోదాని కంటే ఇది బక్కది. వసనాభి పెంచాలి, దాల్చినచెక్క కూడా కలపాలి. కాగితం ఇవ్వండి."

డైరెక్టర్ హౌ ముందుకొచ్చాడు. "గురువుగారూ, మరి పేరు సంగతి... ఒకటి తప్పింది కదా..."

"ఏం తప్పింది?"

"అదే, యాంగ్ లోపం అని అనొచ్చా లేదా అని..."

"కళ్లు కనపడట్లా నీకు?" గురువుగారి అరుపుకి కిటికీ అద్దం అదిరింది. "యాంగ్ లోపం కాకపోతే ఇదేంటి? రోగం లేకుండానే మందు రాస్తున్నానా నేను? తప్పింది నా మోతాదు. ఆ పిల్ల ఆరూ సరిగ్గా చెప్పింది. గదులు, గదులు అని నా చెవిలో జోరీగలా రొద పెట్టావు కదా, పో, వాటికి గట్టి తాళాలు కొనుక్కురా, ఎలుకల్ని ఎత్తుకుపోతారు ఎవరైనా!"

మైయున్ నా చెయ్యి నలిపేసింది. ఇన్ని రోజుల మాటలన్నీ ఒక్కసారి చెప్పబోయి ఏడ్చేసింది. నేను ఏడవలేదు. తర్వాత నాకు బహుమతులు వచ్చాయి, పెద్ద నగరాల్లో పెద్ద గదుల్లో చప్పట్లు కొట్టారు. కానీ గర్వంతో నా ఛాతీ పిగిలిపోతుందేమో అనిపించింది మాత్రం ఆ రోజే, ఆ చలి గదిలోనే. మేం మా పాత వైద్యాన్ని ఒక ఎలుక చేత మాట్లాడించాం, అది మాట్లాడితే మా ఊరి పెద్ద వైద్యుడు విన్నాడు. ఆయన వినడమే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది.

గురువుగారు ఎలుకని ఎవరికీ ఇవ్వలేదు. ఎడమ చేతిని కోటు లోపల పెట్టుకుని అందులోనే దాన్ని ఉంచుకున్నారు. కుడి చేత్తో కుంచె పట్టుకుని, మనుషులకి రాసినట్టే, మందు చీటీ పైనుంచి మొదలుపెట్టారు.

"ఆడా, మగా?" అని అడిగారు.

"మగ," అన్నాను.

"వయసు?"

"రెండు నెలలు, గురువుగారూ."

తల ఊపి, అలాగే రాశారు.